టెక్స్ట్‌బాక్స్‌లో అంకెలే పడుతున్నాయి, అయినా బిల్లు తప్పు: నంబర్ ఇన్‌పుట్ చెక్ చేయడం వెనకున్న గోల

చాలా ఏళ్ల కింద తెలిసిన బాబాయ్ మెడికల్ షాపుకి వీబీ6లో, అంటే విజువల్ బేసిక్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో, ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చా. క్వాంటిటీ బాక్సులో అంకెలు తప్ప ఇంకేం పడకుండా కట్టుదిట్టం చేశా, అక్షరం కొడితే కంప్యూటర్ కుయ్ మంటది, నాకు అదే పెద్ద గొప్ప. నెల తిరక్కుండానే ఫోను. "బాబూ, పది ఐటమ్స్ కొట్టినాక మొత్తం మూసుకుపోయింది, మళ్లీ మొదట్నుంచి కొడుతున్నా, కౌంటర్ దగ్గర జనం తిడుతున్నారు."

వెళ్లి చూస్తే తేలిందేంటంటే, కర్సర్ క్వాంటిటీ బాక్సులో ఉండగా కుర్రాడు తర్వాతి మందు డబ్బాని స్కానర్ కింద పెట్టాడు. బార్‌కోడ్ స్కానర్ అంటే కంప్యూటర్ దృష్టిలో ఇంకో కీబోర్డే, చకచకా అంకెలు కొట్టేసి చివర్లో ఎంటర్ నొక్కుతుంది. మన దేశపు డబ్బాల మీద ఎక్కువగా 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ ఉంటుంది కదా, అది మొత్తం క్వాంటిటీలోకి వెళ్లిపోయింది. అంటే సుమారు 8 లక్షల 90 వేల కోట్ల స్ట్రిప్పులు. వీబీ6లో ఇంటిజర్ అనే పూర్ణసంఖ్య రకంలో 32,767 దాటి పట్టదు, రన్‌టైమ్ ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో, ప్రోగ్రామ్ క్లోజ్, బిల్లు గాల్లో కలిసిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే నా చెక్ ఫెయిల్ అవ్వలేదు. పడ్డవన్నీ అంకెలే. నేను అడిగిన ప్రశ్నే తప్పు. "ఇది అంకేనా" అని అడిగా, "ఇది మాత్రల లెక్కేనా" అని అడగలేదు. నంబర్ వాలిడేషన్‌లో, అంటే కొట్టింది సరైన నంబరేనా అని చెక్ చేయడంలో, వచ్చే తలనొప్పుల్లో సగం పైగా ఇదే, వేర్వేరు టైముల్లో అడగాల్సిన వేర్వేరు ప్రశ్నలన్నీ కలిపి ఒక్క చోట, అదీ కీ నొక్కినప్పుడే అడిగేయాలని చూడటం.

ముందు ఆ కీ నొక్కే సంగతి. విన్‌ఫార్మ్స్, అంటే విండోస్ ఫారాలు చేసే మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ పద్ధతి, నేర్చుకునేవాళ్లందరూ మొదట రాసే కోడ్ ఒకటే, టెక్స్ట్‌బాక్స్ కీప్రెస్ ఈవెంట్‌లో చార్ డాట్ ఈజ్‌డిజిట్ కాకపోతే, ఈజ్‌కంట్రోల్ కూడా కాకపోతే, ఈ డాట్ హ్యాండిల్డ్ ఈక్వల్స్ ట్రూ, అంటే కొట్టింది అంకె కాకపోతే ఆ కీని మింగేయడం. ఆ ఈజ్‌కంట్రోల్ మర్చిపోతే బ్యాక్‌స్పేస్ కూడా పనిచెయ్యదు, మొదటిసారి రాసిన ప్రతివాడూ ఆ తప్పు చేసే ఉంటాడు. తర్వాత పైసలు కావాలంటారు కాబట్టి చుక్కని వదులుతాం, అప్పుడు 12.5.0 కొట్టేస్తారు, సరే అని ఆల్రెడీ చుక్క ఉందా అని చూస్తాం, తర్వాత మైనస్ కావాలంటారు, మైనస్ మొదట్లోనే ఉండాలి కాబట్టి కర్సర్ ఎక్కడుందో చూడాలి, సెలెక్ట్ చేసిన టెక్స్ట్ మీద కొడితే పాత చుక్క ఎగిరిపోతుంది కదా, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఇట్లా నాలుగు లైన్ల కోడు నలభై లైన్లవుతుంది.

అంతా అయ్యాక యూజర్ వాట్సాప్‌లో వచ్చిన రేటు కాపీ చేసి రైట్ క్లిక్ కొట్టి పేస్ట్ చేస్తాడు. కీప్రెస్‌కి ఆ సంగతే తెలీదు. కంట్రోల్ వి కొట్టినా అంతే, అది కంట్రోల్ క్యారెక్టర్‌గా వస్తుంది, మనమే వదిలేశాం కదా, పేస్ట్ అయ్యే టెక్స్ట్‌లో ఏముందో ఎవరూ చూడరు. ఇది మన చేతగానితనం కూడా కాదు. విండోస్ సొంత ఎడిట్ కంట్రోల్‌కే ఈఎస్ అండర్‌స్కోర్ నంబర్ అని ఒక స్టైల్ ఉంది, టైప్ చేస్తే అంకెలే తీసుకుంటుంది, కానీ పేస్ట్ చేస్తే అంకెలు కానివి కూడా పడతాయని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. విన్‌ఫార్మ్స్ తర్వాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన డబ్ల్యూపీఎఫ్‌లో ఇంకో విచిత్రం, ప్రివ్యూటెక్స్ట్‌ఇన్‌పుట్ ఈవెంట్ పట్టుకుని అంతా ఆపేశాం అనుకుంటాం, స్పేస్‌బార్‌కి మాత్రం టెక్స్ట్‌బాక్స్‌లో ఆ ఈవెంట్ రాదు, దాన్ని ప్రివ్యూకీడౌన్‌లో విడిగా పట్టుకోవాలి, పేస్ట్‌కి మళ్లీ డేటాఆబ్జెక్ట్‌లో వేరే హ్యాండ్లర్.

ఇంకోటి మన తెలుగోళ్లకి సరదాగా ఉండేది. చార్ డాట్ ఈజ్‌డిజిట్‌ని ౫ అంకేనా అని అడగండి, ట్రూ అంటుంది. యూనికోడ్‌లో ఏ లిపి అంకె అయినా దానికి అంకే. మరి ఆ ౫ ని, టెక్స్ట్‌ని పూర్ణసంఖ్యగా మార్చే ఇంట్ డాట్ పార్స్‌కి ఇవ్వండి, ఫార్మాట్ ఎక్సెప్షన్ కొడుతుంది, దానికి 0 నుంచి 9 వరకు ఇంగ్లిష్ అంకెలే తెలుసు. అంటే గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పంపాడు, లోపల క్లర్కు నువ్వెవరు అన్నాడు. అదే పైథాన్‌లో ఇంట్‌కి ౧౨౩ ఇస్తే బుద్ధిగా 123 అని ఇస్తుంది, జావా పార్స్‌ఇంట్ కూడా తీసుకుంటుంది. డాట్‌నెట్ 7 నుంచి ఈజ్‌ఆస్కీడిజిట్ అని వేరే మెథడ్ ఇచ్చారు, అంతకుముందు అయితే 0 నుంచి 9 లోపు ఉందా అని మనమే పోల్చుకోవాలి.

ఇదంతా చూశాక నాకు బాగా నచ్చింది, సీ ప్లస్ ప్లస్‌లో ఫారాలు చేసుకునే క్యూటీ అనే టూల్‌కిట్ వాళ్ల ఆలోచన. అందులో వాలిడేటర్ అవును కాదు అని రెండు జవాబులు చెప్పదు, మూడు చెబుతుంది: సరిపోయింది, ఎప్పటికీ సరిపోదు, ఇంకా మధ్యలో ఉంది. వయసు 18 నుంచి 60 అని పెట్టారనుకోండి, యూజర్ 45 కొట్టాలనుకుని ముందు 4 కొట్టాడు. 4 తప్పే, కానీ ఇంకా అయిపోలేదు. మైనస్ గుర్తు ఒక్కటే ఉంటే అది నంబర్ కాదు, కానీ నంబర్ అయ్యే దారిలో ఉంది. చుక్క తర్వాత ఏమీ లేని 12. కూడా అంతే. టెక్స్ట్‌చేంజ్‌డ్‌లో ప్రతి కీకి 18 కంటే తక్కువ అని మెసేజ్ బాక్స్ కొట్టేవాళ్లని చూశా, అది ఉడుకుతున్న అన్నంలోంచి మెతుకు పట్టి చూసి, ఉడకలేదని గిన్నె మొత్తం పారబోయడం లాంటిది. ఇంకా ఘోరం ఏంటంటే ఖాళీ బాక్సులో దానంతట అదే 0 పెట్టే కోడ్, పాతది చెరిపి 5 కొడదామనుకుంటే 05 అవుతుంది లేదా 50 అవుతుంది.

డబ్ల్యూపీఎఫ్‌లో ఇదే జబ్బు ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంది. టెక్స్ట్‌బాక్స్‌ని డబుల్, అంటే దశాంశాలు పట్టే నంబర్ రకం, ప్రాపర్టీకి బైండ్ చేసి (ముడిపెట్టి) అప్‌డేట్‌సోర్స్‌ట్రిగర్ ప్రాపర్టీచేంజ్‌డ్ పెడితే 4.5 వెర్షన్ నుంచి చుక్క కొట్టనివ్వదు, 12. ని పార్స్ చేసి 12 అని తిరిగి బాక్సులో పెట్టేస్తుంది, చుక్క మాయం. దానికి ఫ్రేమ్‌వర్క్ కంపాటిబిలిటీ ప్రిఫరెన్సెస్‌లో ఒక స్విచ్ ఉంది కానీ, బాక్సు వదిలినప్పుడే విలువ తీసుకునే లాస్ట్‌ఫోకస్‌కి మార్చుకోవడమే నయం, లేదా ముందు స్ట్రింగ్‌కి బైండ్ చేసి తర్వాత మార్చుకోవడం.

సరే, బాక్సు వదిలి వెళ్లేటప్పుడు చూద్దాం అంటే విన్‌ఫార్మ్స్‌లో వాలిడేటింగ్ ఈవెంట్ ఉంది. తప్పుగా ఉంటే ఈ డాట్ క్యాన్సిల్ ట్రూ, యూజర్ ఆ బాక్సులోంచి కదల్లేడు. మొదట్లో చాలా బాగుందనిపిస్తుంది. తర్వాత యూజర్‌కి ఆ రేటు గుర్తులేక పక్క ఫారం తెరిచి చూద్దామనుకుంటాడు, కుదరదు. వద్దులే అని క్యాన్సిల్ కొడతాడు, కుదరదు. పైన ఎక్స్ కొట్టినా మూసుకోదు. టాస్క్ మేనేజర్ తెరిచి చంపేస్తాడు. క్యాన్సిల్ బటన్‌కి కాజెస్‌వాలిడేషన్ ఫాల్స్ పెట్టాలి, ఫార్మ్‌క్లోజింగ్‌లో ఈ డాట్ క్యాన్సిల్‌ని తిరిగి ఫాల్స్ చేయాలి, లేదా ఫారం ఆటోవాలిడేట్‌ని ఎనేబుల్‌అలో‌ఫోకస్‌చేంజ్‌కి మార్చి, పక్కన ఎర్రర్ ప్రొవైడర్ ఎర్ర గుర్తు చూపిస్తూ మనిషిని వదిలేయాలి. నేనైతే మూడోదే చేస్తా. గుర్తు కనిపిస్తుంది, వీలైనప్పుడు సరిచేసుకుంటాడు, సేవ్ దగ్గర ఎలాగూ ఆపుతాం.

ఆ సేవ్ దగ్గర ఒక గుంట ఉంది, నేను పడ్డా కాబట్టి చెబుతున్నా. పైన టూల్‌స్ట్రిప్‌లో సేవ్ బొమ్మ పెట్టాం అనుకోండి, దాని మీద క్లిక్ చేస్తే ఫోకస్ టెక్స్ట్‌బాక్స్‌లోంచి కదలదు, కదలకపోతే వాలిడేటింగ్ రాదు, చివరగా కొట్టిన తప్పు నంబర్ హాయిగా డేటాబేస్‌లోకి వెళ్లిపోతుంది. మామూలు బటన్‌తో టెస్ట్ చేసినప్పుడు అంతా బాగుంటుంది. అసలు యూజర్ అడుగే పెట్టని బాక్సులకి కూడా వాలిడేటింగ్ రాదు, మధ్యలో ఒకటి వదిలేసి వెళ్లాడంటే దాన్ని ఎవరూ చూడరు. అందుకే సేవ్ కోడ్ మొదటి లైన్‌లో, అన్ని బాక్సుల చెక్‌లనీ ఒకేసారి నడిపే వాలిడేట్‌చిల్డ్రన్ పిలవాలి, ఫాల్స్ వస్తే వెనక్కి తిరిగిపోవాలి.

ఇప్పుడు అసలు కథ, టెక్స్ట్‌ని నంబర్‌గా మార్చడం. వీబీ వాళ్లకి రెండు అలవాట్లుంటాయి, ఇది నంబరేనా అని చెప్పే ఈజ్‌న్యూమరిక్, టెక్స్ట్‌ని నంబర్ చేసే వాల్. ఈజ్‌న్యూమరిక్ ఎంత దయగలది అంటే 1ఇ5 లాంటి సైంటిఫిక్ రాతకీ ట్రూ అంటుంది, బ్రాకెట్లో పెట్టిన (5) కి కూడా ట్రూ, అకౌంటెంట్లు మైనస్‌ని అలా రాస్తారు కదా అందుకని. ముందు ఆంపర్సాండ్, హెచ్ పెట్టి హెక్సాడెసిమల్ రాసినా ట్రూనే. వాల్ అయితే ఇంకా ప్రమాదం, అర్థంకాని అక్షరం రాగానే అక్కడితో ఆగిపోయి అప్పటిదాకా చదివింది చేతిలో పెడుతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. దానికి కామా అర్థం కాదు. వాల్‌కి 1,25,000 ఇవ్వండి, 1 వస్తుంది. లక్షా పాతిక వేల అడ్వాన్సు ఒక్క రూపాయి అయి కూర్చుంటుంది, ఎవరికీ తెలీదు, సాయంత్రం క్యాష్ లెక్క కుదరనప్పుడు తెలుస్తుంది.

సీ షార్ప్ భాషలోకి వచ్చి, టెక్స్ట్ నంబర్‌గా మారిందో లేదో ఎర్రర్ లేకుండా చెప్పే ట్రైపార్స్ వాడితే హాయే కానీ దానికీ మూడ్స్ ఉన్నాయి. ఇంట్ డాట్ ట్రైపార్స్ మామూలుగా కామాలు ఒప్పుకోదు, డెసిమల్ డాట్ ట్రైపార్స్ ఒప్పుకుంటుంది. ఒప్పుకోవడమే కాదు, కామా ఎక్కడుందో పట్టించుకోదు. మన లక్షల పద్ధతిలో 1,25,000 అన్నా, అమెరికా వాళ్ల 125,000 అన్నా ఒకటే, అది మనకి లాభమే. కానీ 1,2,3 అని ఇచ్చినా 123 అని తీసుకుంటుంది. 12.5 కొట్టబోయి చుక్క పక్కనే ఉన్న కామా కొడితే 12,5 అవుతుంది, పార్స్ చేస్తే 125. పదింతలు. ఎర్రర్ లేదు. కీబోర్డ్ మీద ఆ రెండు కీలు ఎంత పక్కపక్కనే ఉన్నాయో చూడండి ఒకసారి.

ఇంకో మెట్టు పైకి, కల్చర్, అంటే ఏ దేశం పద్ధతిలో నంబర్ రాయాలనే సెట్టింగ్. జర్మనీలో చుక్కకీ కామాకీ పనులు తారుమారు, పైసలకి కామా, వేలు విడగొట్టడానికి చుక్క. విండోస్ రీజియన్ జర్మన్‌లో ఉన్న మెషీన్‌లో 12.50 ని డెసిమల్ డాట్ పార్స్‌కి ఇస్తే 1250 వస్తుంది. ఇక్కడ రాసిన ప్రోగ్రామ్ మన మెషీన్‌లో బంగారంలా నడిచి ఫ్రాంక్‌ఫర్ట్ క్లయింట్ దగ్గర వందింతల బిల్లులు కొడుతుంది. యూజర్ కొట్టేది, యూజర్‌కి చూపించేది మాత్రం కరెంట్‌కల్చర్‌లో ఉండాలి, ఫైల్లో డేటాబేస్‌లో దాచేది ఏ మెషీన్‌లోనైనా మారని ఇన్వేరియంట్‌కల్చర్‌లో ఉండాలి, ఈ రెండూ కలిపి కలగాపులగం చేస్తేనే గొడవ. పైగా రీజియన్ సెట్టింగ్స్‌లో దశాంశ గుర్తుని యూజర్ తనకిష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు కాబట్టి ఇండియాలోనే ఉన్నాం మనకెందుకులే అనుకోవద్దు. మన దగ్గర కల్చర్ సరిగ్గా పెట్టుకుంటే ఒక సుఖం ఉంది, ఇంగ్లిష్ ఇండియా గానీ తెలుగు ఇండియా గానీ పెడితే చూపించేటప్పుడు ముందు మూడు తర్వాత రెండు రెండు చొప్పున కామాలు దానంతట అదే పెడుతుంది. చేత్తో స్ట్రింగ్ కోసి కామాలు అతికించే ఫంక్షన్లు నేను చాలా ప్రాజెక్టుల్లో చూశా, అందులో సగం మైనస్ వస్తే తప్పు చూపిస్తాయి.

డబుల్ గురించి ఒకటి చెప్పి ముందుకెళ్తా. డబ్బులకి డబుల్ వాడొద్దని అందరూ చెబుతారు, 0.1 ని మూడుసార్లు కూడితే 0.30000000000000004 వస్తుంది కాబట్టి, డెసిమల్ వాడాలి, అది తెలిసిందే. తెలియనిది ఏంటంటే డబుల్ డాట్ ట్రైపార్స్‌కి ఎన్, ఏ, ఎన్ అనే మూడు అక్షరాల నాన్, అంటే నంబర్ కానిది అనే మాట ఇచ్చినా సక్సెస్ అంటుంది. నాన్‌ని దేంతోనైనా పెద్దదా చిన్నదా అని పోల్చితే ఫాల్స్. సున్నా కంటే తక్కువైతే లేదా వంద కంటే ఎక్కువైతే ఎర్రర్ అని మీరు రాసుకుంటే నాన్ రెండూ దాటేసి లోపలికొస్తుంది. అదే సున్నా నుంచి వంద మధ్యలో ఉంటేనే ఓకే అని తిప్పి రాస్తే ఆగిపోతుంది. రెండూ ఒకటే లెక్క అనుకుంటాం, కాదు.

తర్వాత, అంకెలున్నంత మాత్రాన నంబర్ కానివి. ఫోన్ నంబర్‌ని ఇంట్‌లో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. 32 బిట్ ఇంట్‌లో పట్టేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకే, మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9తో మొదలయ్యే పది అంకెలవి, ఒక్కటీ పట్టదు. లాంగ్ వాడితే పడుతుంది కానీ ఎందుకు? రెండు ఫోన్ నంబర్లు ఎప్పుడైనా కూడతామా? బ్యాంక్ అకౌంట్ నంబర్ ముందు సున్నాలుంటే నంబర్‌గా మార్చగానే రాలిపోతాయి, తర్వాత ఎన్ని సున్నాలు ఉండేవో దేవుడికే తెలియాలి. ఇవన్నీ స్ట్రింగులే, పొడవు చూడాలి, పద్ధతి చూడాలి. పిన్ కోడ్ ఆరంకెలు, మొదటిది సున్నా ఉండదు. ఆధార్ 12 అంకెలు, మొదటిది 0 గానీ 1 గానీ ఉండదు, చివరి అంకె వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కగట్టిన చెక్ డిజిట్, 1969లో డచ్ గణితజ్ఞుడు వెర్‌హోఫ్ చెప్పిన లెక్క అది, ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండూ తారుమారైనా పట్టేస్తుంది. బ్యాంకు బ్రాంచిని గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో అయిదోది ఎప్పుడూ సున్నా, ఓ అక్షరం కాదు, ఇది తెలిసిన ప్రోగ్రామర్ అక్కడ ఓ కొడితే తిట్టకుండా సున్నా చేసి ఊరుకుంటాడు.

అన్నీ దాటాక మిగిలేది అసలు ప్రశ్న, ఈ నంబర్‌కి అర్థం ఉందా. దీనికి నాకెప్పుడూ గుర్తొచ్చేది జపాన్‌లో 2005 డిసెంబర్ 8న జరిగింది. మిజుహో సెక్యూరిటీస్‌లో ఒకతను జే-కామ్ అనే కంపెనీ షేరు ఒకటి 6,10,000 యెన్‌లకి అమ్మమని ఆర్డర్ పెట్టాలి, బాక్సులు తారుమారై 6,10,000 షేర్లు ఒక్కో యెన్‌కి అని పెట్టాడు. ఆ కంపెనీకి ఉన్న షేర్లే మొత్తం 14,500. స్క్రీన్ మీద వార్నింగ్ వచ్చింది, దాటించేశాడు. క్యాన్సిల్ చేద్దామంటే ఎక్స్ఛేంజ్ సిస్టంలో ఉన్న బగ్ వల్ల క్యాన్సిల్ అవ్వలేదు. నష్టం 4 వేల కోట్ల యెన్‌ల పైమాటే. రెండు బాక్సుల్లోనూ శుద్ధమైన పూర్ణసంఖ్యలే ఉన్నాయి చూడండి, ఏ కీప్రెస్ చెక్ దీన్ని ఆపుతుంది? కంపెనీకి ఉన్న షేర్ల కంటే 42 రెట్లు ఎక్కువ అమ్మకానికి పెడుతున్నావు అనే చెక్ ఒక్కటి వార్నింగ్‌లా కాకుండా తలుపులా ఉంటే చాలు.

ఆ వార్నింగ్ దాటించేయడం గురించి అతన్ని తిట్టడం తేలిక. కానీ మన ఫారాలు చూడండి, ప్రతిదానికీ ఆర్ యూ ష్యూర్, ఎస్, నో. రోజుకి రెండొందల సార్లు ఎస్ కొట్టే వేలు రెండొందల ఒకటోసారి ఆగి చదవదు. అందుకే నేను రెండు రకాలుగా విడగొడతా: ఎప్పటికీ కుదరనివి, స్టాక్‌లో 40 ఉంటే 400 అమ్మడం లాంటివి, అసలు దాటనివ్వను. అరుదుగా కుదిరేవి, మామూలుగా రెండు మూడు స్ట్రిప్పులు కొనే చోట 50 కొట్టడం లాంటివి, బాక్సు పసుపు రంగులోకి మారుతుంది అంతే, డైలాగ్ రాదు. చూసే కన్ను చూస్తుంది.

ఇవన్నీ ఎందుకు, పక్కన పైకీ కిందికీ బాణాలుండే నంబర్ బాక్సు, న్యూమరిక్‌అప్‌డౌన్, పెట్టేస్తే పోలా అంటారు. పెట్టొచ్చు, పేస్ట్ గొడవలు చాలావరకు తగ్గుతాయి. కానీ మామూలుగా అందులో మ్యాక్సిమం 100 ఉంటుంది, మార్చడం మర్చిపోతే యూజర్ 150 కొట్టి ట్యాబ్ నొక్కగానే చడీచప్పుడు లేకుండా 100 అయిపోతుంది. తప్పు అని చెప్పడం వేరు, చెప్పకుండా వేరే నంబర్ పెట్టడం వేరు, రెండోది నాకు అస్సలు నచ్చదు. పైగా ఫోకస్ అందులో ఉండగా ఫారం స్క్రోల్ చేద్దామని మౌస్ వీల్ తిప్పితే విలువ మారిపోద్ది. మాస్క్‌డ్‌టెక్స్ట్‌బాక్స్ పిన్ కోడ్ లాంటి లెక్కపెట్టిన అంకెలకి ఫర్వాలేదు, రేట్లకి పనికిరాదు. ఖాళీకి, సున్నాకి తేడా అప్‌డౌన్‌లో పోతుంది అనేది కూడా ఉంది, డిస్కౌంట్ ఇంకా అడగలేదు అనేదీ డిస్కౌంట్ సున్నా అనేదీ ఒకటి కాదు కదా. అది అవసరమైన చోట మామూలు టెక్స్ట్‌బాక్సే, నల్ తీసుకునే డెసిమలే.

మళ్లీ మెడికల్ షాపుకి. తర్వాత అది సీ షార్ప్‌లో తిరగరాశా. క్వాంటిటీ బాక్సులో 13 అంకెలు పడి ఎంటర్ వస్తే ఇప్పుడు తిట్టదు. బార్‌కోడ్‌కీ చెక్ డిజిట్ ఉంటుంది, ఎడమ నుంచి అంకెల్ని వరుసగా 1తో 3తో గుణిస్తూ కూడుకుంటూ పోతే మొత్తం 10తో నిశ్శేషంగా పోవాలి. పోయిందంటే అది క్వాంటిటీ కాదు, కుర్రాడు తర్వాతి డబ్బా స్కాన్ చేశాడని అర్థం, పై ఐటమ్ క్వాంటిటీ ఒకటి అని పెట్టేసి కొత్త ఐటమ్ కింద లైన్‌లో వేసేస్తుంది.

బాబాయ్ చాలా సంతోషించాడు. వారం తర్వాత మళ్లీ ఫోను. "బాబూ, ఒక స్ట్రిప్పు, ఇంకో మూడు మాత్రలు లూజు అడిగారు. 1+3 అని కొడితే నీ బాక్సు ఎర్రగా అవుతోంది." నేను 1.3 కొట్టు బాబాయ్ అన్నా. "పది మాత్రల స్ట్రిప్పుకి సరే, పదిహేనుదైతే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన నలభై ఏళ్లుగా చీటీ మీద 1+3 అనే రాస్తున్నాడు, స్ట్రిప్పులో ఎన్నున్నా అది తప్పవ్వదు.

ఆ రాత్రి కూర్చుని ఆ బాక్సులో ప్లస్ కొట్టనిచ్చా. ఎడమ పక్కది స్ట్రిప్పులు, కుడి పక్కది మాత్రలు, కుడిది ప్యాకింగ్ కంటే తక్కువ ఉండాలి, చుక్క మాత్రం పూర్తిగా బంద్.